దమ్ము రోగం - మందుల వాడుక
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన భైంసాలో పత్తి జిన్నింగు మిల్లులున్నవి. పత్తి దుమ్ము, బీడీ పొగాకు దుమ్ము, కట్టెల పొయ్యి పొగ, చలిగాలి - ఇవన్నీ ఉబ్బసం ఉన్నవారికి గిట్టనివే. మన దిక్కు దీన్నే దమ్ము అంటాం. రోగమంటే ఎంత భయమో, దాని మందంటే మనవాళ్లకు అంతకంటే ఎక్కువ భయం. అందుకే ఈ రోజు మేము మందుల సంగతే చెప్పదలిచాము.

దమ్ములో జరిగేవి రెండు. ఊపిరితిత్తుల్లోని గాలి గొట్టాలు లోపల వాస్తవి; వాటి చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటది. కాబట్టి మందులూ రెండు రకాలు. బిగువు విప్పేది సాల్బుటమాల్. కొద్ది నిమిషాల్లోనే హాయినిస్తుంది, నాలుగైదు గంటల్లో దాని బలం తగ్గిపోతుంది. వాపు తగ్గించేది బుడెసొనైడ్ వంటి పీల్చే స్టెరాయిడ్. దీని గుణం వెంటనే తెలియదు. డాక్టరు రోజూ వాడమంటే, ఆయాసం లేని రోజున కూడా వాడాలి. "మంచిగనే ఉన్న గదా" అని మానేస్తే లోపలి వాపు మళ్లీ పెరుగుతుంది.

సాల్బుటమాల్ ఒక్కదాన్నే నమ్ముకోవడం ప్రమాదం. పెద్దలైనా, పన్నెండేళ్లు దాటిన పిల్లలైనా దానితో సరిపెట్టుకోరాదని, పీల్చే స్టెరాయిడ్ కూడా ఉండాలని గీనా అనే అంతర్జాతీయ సంస్థ 2019 నుండి చెబుతున్నది.

"పంపు ఆఖరి మందు, అలవాటైతే వదలదు" అనే మాట తప్పు. సాల్బుటమాల్ గోలీ ఒకటి 4 మిల్లీగ్రాములు. పంపు ఒకసారి నొక్కితే వచ్చేది 100 మైక్రోగ్రాములు, అంటే గోలీలో నలభయ్యో వంతు. మందు నేరుగా ఊపిరితిత్తులకే పోతుంది కనుక అంత కొంచెం చాలు. చేతులు వణకడం, గుండె దడ కూడా తక్కువ.

పిల్లలకు పంపును స్పేసర్ అనే గొట్టానికి తగిలించి ఇవ్వాలి. చంటిపిల్లలకైతే దానికి మాస్కు పెట్టాలి. పీల్చే స్టెరాయిడ్ వల్ల ఎత్తు సుమారు ఒక సెంటీమీటరు తగ్గవచ్చు. అదుపులో లేని దమ్ము చేసే కీడు దానికంటే చాలా పెద్దది. స్టెరాయిడ్ పీల్చిన తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మాలి.

మృగశిర కార్తెనాడు హైదరాబాదులో బత్తిని కుటుంబం ఇచ్చే చేప మందుకు మన జిల్లాల నుండీ పోతారు. పోయేవారు పోవచ్చు, పంపు మాత్రం మానకండి.

రంజాన్‌లో రెండు పూటలా పీల్చే మందును సహరీకి, ఇఫ్తార్‌కు సర్దుకునే వీలుంటుంది. ముందుగానే డాక్టరును అడగండి. పంపు పీలిస్తే రోజా భంగమవుతుందా అన్నదానిపై ఆలింలలో భేదాభిప్రాయాలున్నవి. అదీ ముందే అడిగి తెలుసుకోండి. కాని దమ్ము ముంచుకొచ్చినప్పుడు ఆలోచిస్తూ కూర్చోవద్దు, మందు పీల్చండి. రోగికి ఆ రోజాను తర్వాత పూర్తి చేసుకునే సడలింపు ఉన్నది.

మాట పూర్తిగా రాకపోయినా, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుతున్నా, పెదవులు నీలం తిరిగినా వెంటనే 108కి ఫోను చేయండి. బండి వచ్చేలోగా రోగిని నిటారుగా కూర్చోబెట్టి, సాల్బుటమాల్‌ను స్పేసర్‌తో ఒక్కొక్కటిగా నాలుగు నుండి ఆరుసార్లు ఇవ్వండి. తగ్గకుంటే ఇరవై నిమిషాలకు మళ్లీ ఇవ్వండి.

చివరిగా తల్లిదండ్రులకు ఒక మనవి. సంబంధం తప్పిపోతదని ఆడపిల్ల పంపును దాచే ఇండ్లున్నవి. దాచిన పంపు రాత్రివేళ చేతికందదు. అత్తగారింటికి పంపేటప్పుడు నగలతోపాటు పంపునూ పంపండి, ఆమె రోగం సంగతి అక్కడి పెద్దలకు చెప్పండి. గర్భవతి అయినా డాక్టరు చెప్పనిదే మందు ఆపరాదు. ఊపిరి అందరికీ ఒకటే; దాని మందుకు సిగ్గెందుకు?