ఏనుగు భయం, అప్పు భయం



కుప్పం పక్క పల్లెల్లో ఏనుగుల సంగతి తెలియని వారు లేరు. 1980ల్లో అవి తమిళనాడు అడవుల నుంచి ఇటు వచ్చాయి. 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. అడవికి హద్దులు గీశారు గానీ, ఆ గీతలు ఏనుగులకు తెలుస్తాయా? పంట కనిపిస్తే చేలోకి దిగుతాయి.

ఒక రైతు రాత్రిపూట చేనికి కాపలా ఉన్నాడనుకోండి. చీకట్లో కొమ్మ విరిగిన చప్పుడైంది. గుండె దడదడలాడింది. నోరు ఎండిపోయింది. కాళ్లకు ఎక్కడ లేని బలం వచ్చింది. ఒక్క పరుగున ఊళ్లోకి వచ్చి పడ్డాడు.

ఆ బలం ఎక్కడిది? మనిషికి వీపు వైపు రెండు మూత్రపిండాలున్నాయి. ఒక్కో దాని మీద టోపీ పెట్టినట్టు చిన్న గ్రంథి ఉంటుంది. దాని బరువు నాలుగైదు గ్రాములే. డాక్టర్లు దాన్ని అడ్రినల్ గ్రంథి అంటారు. భయం కలగగానే మెదడు దానికి కబురు పెడుతుంది. అడ్రినలిన్ అనే రసం రక్తంలో కలుస్తుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది. కాసేపటికి కార్టిసాల్ అనే ఇంకో రసం పెరుగుతుంది. ఒంటికి శక్తి కావాలని అది రక్తంలో చక్కెరను పెంచుతుంది. ఏనుగు వెళ్లిపోయాక ఒళ్లు మళ్లీ మామూలవుతుంది.

అదే రైతు బోరు వేశాడు. వెయ్యి అడుగులు దాటినా నీళ్లు పడలేదు. దుమ్ము లేచింది. అప్పు మిగిలింది. ఏనుగైతే వచ్చి పోతుంది, అప్పు పోదు గదా! పడుకున్నా అదే, లేచినా అదే. మెదడు గ్రంథికి కబుర్లు పంపుతూనే ఉంటుంది. మామూలుగా కార్టిసాల్ తెల్లవారేటప్పుడు ఎక్కువ, నడిరేయి తక్కువ. తెగని చింతలో ఈ లెక్క తప్పవచ్చు. నిద్ర పట్టదు. రక్తపోటు, చక్కెర పెరగవచ్చు. ఇంట్లో చీటికిమాటికి కోపం. "నీకేమో అయింది" అంటుంది భార్య. "నాకేమీ కాలేదు" అంటాడు ఆయన.

"గ్రంథి అలసిపోయింది, ఈ పొడి తాగు" అని అమ్మేవారున్నారు. చింతతో గ్రంథి అట్లా అలసిపోతుందని రుజువు లేదు. డబ్బు దండగ. గ్రంథికి నిజంగా వచ్చే జబ్బు వేరే ఉంది. 1855లో అడిసన్ అనే ఇంగ్లాండు డాక్టరు దాని గురించి రాశాడు. క్షయ క్రిములు గ్రంథిని పాడు చేసినా అది వస్తుంది. మనిషి చిక్కిపోతాడు. లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయి. చిగుళ్లు, అరచేతి గీతలు నల్లబడతాయి. అప్పుడు ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పోవాలి. ఇంకో మాట. స్టెరాయిడ్ మాత్రలు చాలా రోజులు మింగినవారు డాక్టరును అడగకుండా ఉన్నట్టుండి ఆపరాదు. అన్నాళ్లూ పని లేక ఆ గ్రంథి మందగించి ఉంటుంది.

మరి చింతకు ఏం చేయాలి? వేళకు పడుకోవాలి. సాయంత్రం నుంచి కాఫీ, టీ మానాలి. పడుకునే ముందు పది నిమిషాలు మెల్లగా ఊపిరి పీల్చి, ఇంకా మెల్లగా వదలాలి. కాసేపు నడవాలి. పొలం పని చేసేవాళ్లకు నడక ఏందని నవ్వకండి! పనికి పోయే నడక వేరు, ఊరికే నడిచేది వేరు. మందు తాగితే నిద్ర వచ్చినట్టే ఉంటుంది, నడిరేయి మెలకువ వచ్చేస్తుంది.

ఊపిరి పీలిస్తే అప్పు తీరదు, నిజమే. అందుకని ఆ రైతు భార్య, కొత్తగా అక్షరాలు నేర్చిన మనిషి, నోటు పుస్తకం తీసింది. ఎవరికి ఎంత ఇవ్వాలి, వడ్డీ ఎంత అని రాసింది. ఇద్దరూ కూర్చుని చదివారు. అప్పు రూపాయి కూడా తగ్గలేదు. కానీ ఏది ముందు తీర్చాలో తెలిసింది. మరునాడు ఆమె పొదుపు సంఘంలో ఆ మాట ఎత్తింది.

"బతకాలని లేదు" అనే మాట ఎవరి నోటనైనా వస్తే వారిని ఒంటరిగా వదలరాదు. 14416 కు ఫోన్ చేయవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2022లో దీన్ని పెట్టింది. పగలైనా రాత్రైనా పలుకుతారు. తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కర లేదు.