పళ్లు కొరికే మాట

ఎప్పుడు చూసినా ముఖం ముడుచుకుని, అయినదానికీ కానిదానికీ సణిగే మనిషిని జర్మన్లు ‘గ్రీస్‌గ్రామ్’ అంటారు. నేటి జర్మన్‌లో ‘గ్రీస్’ అంటే గోధుమరవ్వ, ‘గ్రామ్’ అంటే దుఃఖం. ఆ రెంటినీ కలిపి అర్థం చెప్పబోతే దారి తప్పినట్టే. దాదాపు వెయ్యేళ్ల కిందటి ప్రాచీన జర్మన్‌లో ‘గ్రిస్‌గ్రామోన్’ అనే క్రియ ఉండేది. పళ్లు పటపట కొరకడమని దాని అర్థం. మధ్యయుగాల్లో అదే మాట పళ్లు కొరకడానికి పేరుగా నిలిచింది, ఆ పని చేసే మనిషికి అంటుకున్నది ఆ తర్వాతే. అంటే చిరాకుకు పేరు పెట్టినవాళ్లు మనసులోకి తొంగిచూడలేదు, కంటికీ చెవికీ అందిన గుర్తునే పట్టుకున్నారు.

ఆ మాట రెండో భాగమైన ‘గ్రామ్’లో దుఃఖం ఉందిగదా, దాన్నెలా తోసేస్తారని అడగవచ్చు. పాత జర్మన్‌లో ‘గ్రామ్’ అంటే కోపంగా ఉన్న అని అర్థం. ఇప్పటికీ ఒకరిమీద ‘గ్రామ్’గా ఉండడమంటే కినుక పెట్టుకోవడమే. ఒక్క మాటతో ఇంత తేల్చవచ్చా అన్న సందేహం న్యాయమైనదే. అందుకే ‘ముఫెల్’ను కూడా చూడాలి. ముక్కుతూ మూలుగుతూ ఉండే మనిషికి ఈ పేరు. దీనికి దగ్గరి క్రియ ‘ముఫెల్న్’కు చిర్రుబుర్రులాడడమే కాక, నోరాడిస్తూ నమలడమనే అర్థమూ ఉంది. ఇక్కడా నోరే సాక్ష్యం. పొద్దున్నే పలకరిస్తే విసుక్కునేవాడు ‘మోర్గెన్‌ముఫెల్’. కారులో సీటుబెల్టు పెట్టుకోనని మొరాయించేవాడు ‘గుర్ట్‌ముఫెల్’.