బిడ్డ తల మీద నంబరు వేయనీయొద్దు

(హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు తండాల నుంచి వచ్చిన తల్లిదండ్రుల ముందు, విద్యార్థుల ముందు మాట్లాడిన మాటలివి. రాలేకపోయినోళ్ల కోసం ఇక్కడ రాసి పెడుతున్నాను.)



తండాల్లో తిరుగుతున్నప్పుడు తల్లిదండ్రులు నన్ను ఒకే మాట రకరకాలుగా అడుగుతున్నారు. "నవోదయ పరీక్షలో మా వానికి మెంటల్ ఎబిలిటీలో మార్కులు రాలేదు, వానికి తెలివి తక్కువా?" అని ఒకరు. "బడిలో వేలిముద్రలు తీసుకొని పిల్లోళ్ల తెలివి చెప్తారంట, డబ్బు కట్టమన్నారు, కట్టాల్నా?" అని ఇంకొకరు. "మా పాపకు ఐక్యూ తక్కువ ఉందని డాక్టరు రాసిచ్చినాడు, ఈ కాగితం ఎవరికీ చూపొద్దు గదా?" అని ఒక తల్లి. మూడింటికీ ఒకే జవాబు చెప్తే తప్పవుతుంది. అందుకే వేర్వేరుగా మాట్లాడుకుందాం.

ముందు ఈ తెలివి పరీక్ష యాడ నుంచి వచ్చిందో చూద్దాం. 1905లో ఫ్రాన్స్‌లో ఆల్ఫ్రెడ్ బినే అనే ఆయన, సైమన్ అనే డాక్టరుతో కలిసి దీన్ని తయారు చేసినాడు. అప్పుడే అక్కడ పిల్లలందరూ బడికి రావడం మొదలైంది. చదువులో వెనకబడినోళ్లను గుర్తుపట్టి, వాళ్లకు ఎక్కువ సాయం చేయాలనేదే ఆ పరీక్ష ఉద్దేశం. తెలివి పుట్టుకతోనే గడ్డకట్టుకొని ఉంటుంది, పెరగదు అనేవాళ్లను బినే గట్టిగా ఖండించినాడు. అంటే ఈ పరీక్ష పుట్టిందే సాయం చేయడానికి.

అది అమెరికా పోయినాక తలకిందులైంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో లూయిస్ టెర్మన్ అనే ప్రొఫెసర్ 1916లో దాన్ని మార్చి అచ్చేసినాడు. అక్కడి ఆదివాసులకు, మెక్సికన్లకు, నల్లవాళ్లకు తెలివి తక్కువగా ఉండటం జాతి లక్షణంగా కనిపిస్తోందని, వాళ్ల పిల్లలను విడిగా కూర్చోబెట్టి చదివించాలని అదే సంవత్సరం పుస్తకంలో రాసినాడు. వెనకబడిన బిడ్డకు చేయి అందించడానికి చేసిన కొలబద్ద, ఆ బిడ్డను బయటికి నెట్టే కర్ర అయింది. కాలిఫోర్నియాలో నల్లజాతి పిల్లలను ఐక్యూ మార్కులు చూపి మందబుద్ధి తరగతుల్లో వేస్తుంటే, తల్లిదండ్రులు కోర్టుకు పోయి కొట్లాడినారు. 1979లో జడ్జి ఆ పద్ధతి చెల్లదన్నాడు. అక్కడ కూడా ఊరుకోనిది అమ్మానాయనలే.

మనకు ఈ కథ కొత్తేమీ కాదు. 1871లో బ్రిటిషోళ్లు నేరస్థ తెగల చట్టం తెచ్చినారు. 1911 చట్టంతో అది మద్రాసు రాజ్యానికీ వచ్చింది, అప్పుడు మన అనంతపురం జిల్లా కూడా ఆ రాజ్యంలోదే. మన ఎరుకలోళ్లు ఏ నేరం చేయకపోయినా పుట్టుకతోనే నేరస్థులని రాసుకున్నారు. వేలిముద్రలు తీసుకున్నారు. హాజరు వేయించుకున్నారు. ఆ చట్టం పోయింది 1952లో. మనిషిని చూడకుండా పుట్టుకను చూసి లోపల ఏముందో రాసేయడం ఎట్లా ఉంటుందో మన అవ్వాతాతలను అడిగితే చెప్తారు. "తండా పిల్లోళ్లకు చదువు ఎక్కదు" అనే మాట దానికి తమ్ముడే.

అట్లని పరీక్షంతా మోసం అని నేను చెప్పను. సరిగ్గా పెట్టిన ఐక్యూ పరీక్షకు, బడి మార్కులకు సంబంధం ఉంది. దాన్ని కాదంటే మనల్ని మనమే మోసం చేసుకున్నట్టు. కానీ ఆ నంబరు ఏం చెప్తుంది, ఏం చెప్పదు అనేది తెలుసుకోవాల. సగటు బిడ్డకు 100 అని పెట్టుకుంటారు. నూటికి అరవై ఎనిమిది మంది 85కు, 115కు మధ్యలోనే ఉంటారు. ఈ రోజు 92 వచ్చిన బిడ్డకు ఇంకోరోజు 97 రావచ్చు, 88 రావచ్చు. రాత్రి నిద్ర, పొద్దున తిండి, ఎదురుగా కూర్చున్న మనిషి ముఖం, అడిగిన భాష, అన్నీ అందులో కలుస్తాయి. ఇంట్లో గోర్ బోలి మాట్లాడే బిడ్డను తెలుగులోనో ఇంగ్లీషులోనో అడిగితే మీరు కొలిచేది తెలివినా, భాషనా?

ఇంకో రెండు సంగతులు చెప్తాను, గుర్తుపెట్టుకోండి.

ఒకటి తమిళనాడుది. చెరుకు రైతులు 464 మందికి పంట డబ్బు రాకముందు ఒకసారి, వచ్చినాక ఒకసారి తెలివి పరీక్షలు పెట్టినారు. అదే రైతు, అదే తల. చేతిలో డబ్బు లేనప్పుడు తక్కువ మార్కులు, డబ్బు వచ్చినాక ఎక్కువ మార్కులు. 2013లో సైన్స్ పత్రికలో ఇది అచ్చయింది. అప్పు, కరువు, రేపటి బియ్యం గురించిన ఆలోచన తలలో సగం జాగా తినేస్తుంది. వేరుశనగ ఎండిపోయిన సంవత్సరం మన ఇండ్లల్లో ఎట్లుంటుందో మీకు నేను చెప్పాల్నా?

రెండోది ఉత్తరప్రదేశ్‌ది. ఆరు, ఏడు తరగతుల మగపిల్లలకు దారి కనుక్కునే చిక్కుబొమ్మలు ఇచ్చినారు. ఎవరిది ఏ కులమో బయటపెట్టనప్పుడు పైకులాల పిల్లలు, దళితుల పిల్లలు ఇంచుమించు సమానంగా చేసినారు. తర్వాత అందరి ముందర పేరు, కులం చదివి ఆట ఆడించినారు. దళితుల పిల్లల లెక్క పడిపోయింది. 2006లో వచ్చిన పరిశోధన ఇది. కులం గట్టిగా చదివితే చాలు, బిడ్డ చేయి తడబడింది. తరగతిలో "ఏయ్ తండావాడా" అని పిలిపించుకుంటూ పెరిగిన బిడ్డ సంగతి ఆలోచించండి. నేను చదివిన ఒక బడిలో నన్నూ అట్లనే పిలిచేవాళ్లు. లెక్క వచ్చినా చేయి ఎత్తేదాన్ని కాదు. నా చేయి ఎత్తనియ్యనిది ఆ పిలుపే.

ఇప్పుడు మీ మూడు ప్రశ్నలకు వస్తాను.

మొదటిది, నవోదయ, ఎన్‌ఎంఎంఎస్ లాంటి పరీక్షలు. మన లేపాక్షిలోనే నవోదయ ఉంది. ఆరో తరగతి ప్రవేశ పరీక్షలో 100 మార్కులకు 50 మార్కులు మెంటల్ ఎబిలిటీవే. సర్కారు బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలు రాసే ఎన్‌ఎంఎంఎస్‌లో 180 ప్రశ్నలుంటే 90 అవే. అది పాసై ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా సంవత్సరానికి 12,000 రూపాయలు వస్తాయి. ఈ మార్కులను తప్పకుండా పట్టించుకోండి. అయితే అవి బిడ్డ తెలివికి కొలత అని కాదు, అది ఒక వాకిలి అని పట్టించుకోండి. అందులో అడిగేది ఏంటి? వరుసలో తర్వాత వచ్చే బొమ్మ ఏది, అద్దంలో ఎట్లా కనిపిస్తుంది, ఇందులో కలవనిది ఏది. మన అవ్వలు రవికకు అద్దాలు, గవ్వలు కుట్టేటప్పుడు కుడిపక్క ఏముంటే ఎడమపక్క అదే రావాలని కాగితం, పెన్సిల్ లేకుండా లెక్క చూసుకుంటారు. ధర్మవరంలో మగ్గం మీద అంచు నేసే పిల్లోడు ఏ పోగు తర్వాత ఏ పోగు లేవాలో కళ్లతోనే పట్టేస్తాడు. ఇదీ ఆ తెలివే. మన పిల్లలకు లేనిది ఆ ప్రశ్నల అలవాటు. కోచింగ్‌కు పోయిన బిడ్డ అట్లాంటివి వందలు చేసి వస్తాడు, మన బిడ్డ మొదటిసారి పరీక్ష హాల్లోనే చూస్తాడు. ఇద్దరి మార్కులు పక్కపక్కన పెట్టి ఒకడు తెలివైనోడు, ఒకడు మొద్దు అంటే న్యాయమా?

రెండోది, వేలిముద్రల పరీక్ష. డీఎంఐటీ అని పేరు పెట్టి అమ్ముతున్నారు. వేలి గీతలు చూసి బిడ్డ డాక్టరు అవుతాడా, పాటగాడు అవుతాడా చెప్తామంటారు. దీనికి శాస్త్రీయ ఆధారం లేదని మన దేశంలోని మానసిక వైద్యుల సంఘం 2019లోనే ప్రకటించింది. ఒక్క రూపాయి కూడా కట్టొద్దండి. ఒకప్పుడు మన వేలిముద్రలు తీసుకొని దొంగలన్నారు. ఇప్పుడు అదే వేలిముద్ర తీసుకొని, దానికి మన దగ్గరే డబ్బు కట్టించుకొని, మొద్దు అని చెప్పించుకుంటామా?

మూడోది, డాక్టరు రాసిచ్చిన కాగితం. ఇది దాచిపెట్టేది కాదమ్మా. బిడ్డకు మాటలు ఆలస్యంగా వచ్చినా, తన పని తాను చేసుకోలేకపోయినా, ఎంత చెప్పినా అక్షరాలు తిరగబడుతున్నా ముందు కళ్లు, చెవులు చూపించండి. సరిగ్గా వినపడని బిడ్డను మొద్దు అనుకొని మూలన కూర్చోబెట్టిన ఇండ్లున్నాయి. తర్వాత మంచి మానసిక నిపుణుల దగ్గర పరీక్ష చేయించండి. సర్కారు పెద్దాసుపత్రిలో అడగండి, హిందూపురం వాళ్లకు బెంగళూరు నిమ్హాన్స్ కూడా దూరం కాదు. బిడ్డకు ఏ భాష వస్తుందో ముందే చెప్పండి, అవసరమైతే మీరే దుబాసీగా కూర్చుంటామని అడగండి. ఐక్యూ ఒక్కటే చూసి రాసేస్తే ఒప్పుకోవద్దు. రోజువారీ పనులు ఎట్లా చేసుకుంటున్నాడో కూడా చూడాల, నిబంధన అదే. 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద సదరం సర్టిఫికెట్‌కు, పింఛనుకు, ప్రత్యేక చదువుకు ఆ కాగితమే ఆధారం. చదవడం, రాయడం మాత్రమే కష్టమయ్యే పిల్లలూ ఉంటారు. వాళ్లకు తెలివి మామూలుగానే ఉంటుంది. అది తేల్చేదీ ఈ పరీక్షే. బినే కోరుకున్న పని ఇదే, బిడ్డకు సాయం ఎక్కడ కావాలో చూపించడం. ఇక్కడ నంబరుకు భయపడి దాస్తే నష్టపోయేది బిడ్డే.

"మరి తెలివి పెరుగుతుందా?" అని అడుగుతారు. పెరుగుతుంది. చాలా దేశాల్లో ఇరవయ్యో శతాబ్దమంతా పదేండ్లకు మూడు పాయింట్ల లెక్కన సగటు పెరుగుతూ వచ్చిందని జేమ్స్ ఫ్లిన్ అనే పండితుడు చూపించినాడు. రక్తం మారలేదు. చదువు, బతుకు మారినాయి. ఆరు లక్షల మందికి పైగా లెక్కలు కలిపి 2018లో చేసిన పరిశోధనలో, బడిలో అదనంగా చదివిన ఒక్కో సంవత్సరానికి ఒకటి నుంచి ఐదు పాయింట్ల దాకా పెరుగుతుందని తేలింది. అంటే తెలివి ఉంటేనే చదువు అనే మాట సగమే నిజం. చదివితే తెలివి పెరుగుతుంది. ఏడో తరగతిలో "వీనికి ఎక్కదులే" అని బడి మాన్పించి బెంగళూరు బిల్డింగు పనికి తోలుకుపోతే, మనం ఆపేసింది మార్కులను కాదు, తల పెరగడాన్ని. మన రాష్ట్రంలో ఐదేండ్లలోపు పిల్లల్లో నూటికి అరవై మందికి పైగా రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్తోంది. అంగన్‌వాడీ గుడ్డు, ఐరన్ మందు, అయోడిన్ ఉప్పు అందుతున్నాయా అని అడగడం కూడా తెలివి గురించి అడగడమే.

కాబట్టి అమ్మానాయనలకు నా మాట ఇది. బిడ్డ ముందర ఏ నంబరూ చెప్పొద్దు. అన్నకు ఇంత, చెల్లికి ఇంత అని పోల్చొద్దు. మార్కు చూసినప్పుడు "ఎంత వచ్చింది" కంటే "ఏది రాలేదు, ఎందుకు రాలేదు, ఎవరు నేర్పిస్తారు" అని అడగండి. 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం మామూలు బడిలో చేర్చుకోడానికి బిడ్డకు గానీ, మీకు గానీ పరీక్ష పెట్టకూడదు. 17వ సెక్షన్ ప్రకారం బిడ్డను మానసికంగా వేధించకూడదు. "మొద్దు", "తండా బుద్ధి" అని పిలవడం వేధింపే. ఒక్కరే పోయి అడగడానికి భయమైతే పదిమంది కలిసి పోండి.

చదువుకున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు, మీకు పని ఉంది. నవోదయ, ఏకలవ్య, ఎన్‌ఎంఎంఎస్ దరఖాస్తు తేదీలు తండాకు చేరేసరికి గడువు అయిపోతా ఉంది. ఆ తేదీలు మీ ఫోన్లలో ముందే వస్తాయి. ఇంటింటికీ పోయి చెప్పండి. కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ ముందే తీయించండి. పాత ప్రశ్నపత్రాలు తెచ్చి ఆదివారం సాయంత్రం రెండు గంటలు పిల్లలతో కూర్చోండి, గోర్ బోలిలోనే చెప్పండి. దానికి భవనం అక్కర్లేదు, వేపచెట్టు నీడ చాలు.

టెర్మన్ ప్రొఫెసర్ ఎక్కువ ఐక్యూ ఉన్న పిల్లలను వెయ్యికి పైగా ఏరుకొని బతుకంతా గమనించినాడు. ఆ పరీక్షలో మార్కు చాలక ఆయన తీసుకోని ఇద్దరు పిల్లలు, షాక్లీ, అల్వారెజ్, పెద్దయినాక భౌతికశాస్త్రంలో నోబెల్ తెచ్చుకున్నారు. ఏరుకున్న వాళ్లలో ఒక్కరికీ రాలేదు. మన తండాల్లో ఏరకుండా వదిలేసినోళ్లు ఎంతమందో మనమే లెక్క తీయాల. ఈ ఆదివారం నుంచే మొదలుపెడదాం.

జోహార్.