దేవదారు: పేరు ఒకటి, చెట్లు మూడు

రఘువంశం ద్వితీయ సర్గ చదివినవారికి దేవదారు పరిచితమే. ఆ వృక్షాన్ని శివుడు పుత్రునివలె చూచుకొన్నాడని, అడవి ఏనుగు ఒరసికొని దాని బెరడు చీల్చగా పార్వతి దుఃఖించినదని కాళిదాసు వర్ణించాడు. అయితే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలో దేవదారును చూపుమంటే, స్తంభంవలె నిలిచి, అంచులు అలలు తిరిగిన పొడుగాటి ఆకులను వ్రేలాడవేసుకొన్న చెట్టును చూపేవారున్నారు. కొందరు దానినే అశోకమంటారు. నిజానికి అది ఆ రెండూ కాదు, నరమామిడి.

కాళిదాసు వర్ణించిన దేవదారు పశ్చిమ హిమాలయాలలో, సుమారు 1500 మొదలు 3200 మీటర్ల ఎత్తువరకు పెరిగే వృక్షం. 40, 50 మీటర్ల పొడవు ఎదుగుతుంది. ఆకులు సూదులవలె ఉంటవి. పొట్టి రెమ్మలపై ఇరవై, ముప్ఫై చొప్పున కుచ్చులుగా పుడతవి. నిజమైన పువ్వుగాని, కాయగాని దీనికి లేదు. పొలుసులుగల పీపా ఆకారపు శంకువులు కొమ్మలపై నిటారుగా నిలుస్తవి. పక్వమైన శంకువు చెట్టుమీదనే విడిపోగా రెక్కల గింజలు గాలిలో ఎగిరిపోతవి. చేవ తైలపూరితం, సుగంధభరితం. చెదలకు సులభంగా లొంగదు.

నరమామిడి మన సీతాఫలపు కుటుంబంలోనిది. లేత ఆకుపచ్చని నక్షత్రాలవంటి పూలు పూస్తుంది. ఒంటి గింజ కాయలు గుత్తులుగా కాచి, పండి నల్లబడతవి. గబ్బిలాలకు అవి ఇష్టం. కొయ్య తేలికైనది, మెత్తనిది.

ఇక మూడవది దేవదారి. దక్షిణదేశపు ఎండు అడవులలో పెరిగే ఈ చిన్న చెట్టుకు ఎరిత్రాక్సిలం మోనోగైనం అని శాస్త్రనామం ఉంచినవాడు రాక్స్‌బరో. పండ్లు చిన్నవి, ఎర్రనివి. దీని చేవకూ పరిమళమున్నందున దక్షిణాదిని దేవదారుకు బదులుగా దీనిని వాడుతూ వచ్చారు.

చిక్కంతా ఇక్కడనే ఉన్నది. మూలికల అంగడిలోని చెక్కముక్కకు ఆకు ఉండదు, శంకువు ఉండదు. వాసనను మాత్రమే నమ్మితే దేవదారియే దేవదారుగా చెల్లుతుంది. రెండు చెట్ల తైలాలూ ఒకటి కావు. కనుక ఒకదాని గుణం మరొకదానికి ఆపాదించరాదు. ఔషధానికి కొనేవారు వైద్యుని సలహాపై, సీడ్రస్ దేవదార అను శాస్త్రనామంతో అడిగి తీసికొనడం మేలు.

మొక్క నాటేవారికీ ఒక మాట. హిమగిరి వృక్షం 45 డిగ్రీల ఎండలు కాసే మన నేలకు తగినది కాదు. స్తంభంవంటి నరమామిడి ముంగిలికి అందమే గాని దాని నీడ మనిషి కూర్చునేంత పరచుకోదు. నీడ కావాలంటే వేప, కానుగ మన ఊళ్ళలోనే ఉన్నవి.