మూడు కాలువల ఊరిలో ఒక రోజు

మన సంఘం ఖర్చుతో తొమ్మిదో తరగతి ఆడపిల్లల్ని విజయవాడ తీసుకెళ్లి వచ్చాం. ఆ రోజు విశేషాలు చెప్పమన్నారు.

మొదట 28 మంది పేర్లు ఇచ్చారు. బయలుదేరే నాటికి 19 మందే మిగిలారు. "అంత దూరం ఎందుకు టీచర్, కడపలో కాలువ లేదా?" అన్నారు ఒక తండ్రి. ఉంది, కె.సి. కాలువ మనకూ ఉంది. కానీ అక్కడ ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ మూడూ నగరంలోంచే పారుతాయి. ఎటు వెళ్లినా వంతెన దాటాల్సిందే.

పొద్దున్నే ప్రకాశం బ్యారేజీ మీద నడిచాం. 1855 నాటి పాత ఆనకట్ట స్థానంలో 1957లో వచ్చింది ఇది. ఒకప్పుడు ఈ కాలువల్లో సరుకుల పడవలు తిరిగేవి. ఒకవైపు గోదావరి కాలువల్లోకి, మరోవైపు కొమ్మమూరు, బకింగ్‌హాం కాలువల మీదుగా మద్రాసు దాకా వెళ్లేవి. మాకు పడవ కనబడలేదు. ప్లాస్టిక్ సంచులు మాత్రం బాగా కనబడ్డాయి, దాచడమెందుకు!

అక్కడి ఒక బడి పిల్లలు మాకు జతగా వచ్చారు. వంతెన మీద ఒక అమ్మాయి, "ఇది బందరు కాలువ, మచిలీపట్నం పోతుంది" అంది. మన అమ్మాయి వెంటనే, "బందర్ అంటే ఓడరేవు కదా! ఉర్దూలో బందర్‌గాహ్ అంటాం" అంది. పుట్టినప్పటి నుంచి ఆ పేరు పలుకుతున్న పిల్లకు అర్థం తెలియదు, అర్థం తెలిసిన పిల్ల ఆ కాలువను ఎన్నడూ చూడలేదు. గోల్కొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం పెద్ద రేవు. ఫారసీ మాట అలా తెలుగువారి నోట నిలిచిపోయింది. వాళ్ల పెద్ద టీచరు కట్టుకున్నది కలంకారీ చీర. కలం, కారీ రెండూ ఫారసీవేనని చెప్పాం. ఇక పిల్లలు ఆగలేదు. దుకాణం, కాగితం, రైతు అంటూ మధ్యాహ్నం దాకా మాటలు ఏరుతూనే ఉన్నారు.

కొండ కింద అక్కన్న మాదన్న గుహలు చూశాం. గుహలు చాలా పాతవి, పేరు మాత్రం గోల్కొండ చివరి సుల్తాను తానీషా దగ్గర మంత్రులుగా పనిచేసిన అన్నదమ్ములది. 1687లో ఆ రాజ్యం పోయింది. పేరు నిలిచింది.

జొహర్ వేళకు వాళ్ల బడిలో ఒక గది ఖాళీ చేయించారు. బల్లలు జరుపుతూ ఒక పిల్ల, "పడమర కావాలా? దుర్గమ్మ కొండ ఉన్న వైపే పడమర" అని చూపించింది. మన పిల్లలు అటే తిరిగి నమాజు చేసుకున్నారు. తర్వాత అందరూ వరుసగా కూర్చుని పప్పు, గోంగూర పచ్చడితో అన్నం తిన్నారు.

వచ్చే ఉగాదికి ఆ పిల్లలు పదిహేను మంది, ఇద్దరు టీచర్లు కడప వస్తామన్నారు. ఉగాది రోజు దేవుని కడప గుడికి ముస్లింలు వెళ్తారంటే వాళ్లు నమ్మలేదు. అది చూపించాలి, పెద్ద దర్గా చూపించాలి. హాస్టల్లో ఉంచవచ్చు, కానీ మన ఇళ్లలో ఉండాలని మా కోరిక. గది పెద్దది కానక్కర్లేదు. కొందరు మాంసం తినరు, అంతే. ఇష్టమైనవారు ఈ రోజే కార్యదర్శి గారి దగ్గర పేరు రాయించండి. ప్రయాణం మానుకున్న ఆ తొమ్మిది మంది పిల్లల ఇళ్ల నుంచి మొదటి పేర్లు వస్తే మాకు మరీ సంతోషం.