బావినీటి ఖాతా

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



ఇరువదియైదేండ్ల క్రిందట రెండు బల్లలతో, ఒక బీరువాతో ఆరంభమైన మన గ్రంథాలయము నేడు రజతోత్సవము జరుపుకొనుచున్నది. ఈ శుభసమయమున నేను భారత భాగవతములను గూర్చి మాటలాడుదునని పలువురు తలచియుందురు. నేను పండితుడను గాను. పగలు లెక్కలు వ్రాసి, రాత్రులు ఈ బీరువాలోని పుస్తకములు చదివి నాలుగక్షరములు నేర్చినవాడను. నేడు బావినీటిని గూర్చి మనవి చేసుకొందును.

మూడేండ్ల క్రిందట మా వీథి బావినీరు కుళ్ళిన గ్రుడ్డు వాసన కొట్టినది మీకు జ్ఞాపకముండును. ఊరికి మూడు కిలోమీటర్ల దూరమున అప్పుడు గ్యాసు కొరకు బోరు దింపుచుండిరి. అదియే కారణమని అందరును నిశ్చయించి, అర్జీ వ్రాయుమని నాయొద్దకు వచ్చిరి. కలము పట్టితిని గాని మొదటి వాక్యము దాటలేకపోతిని. “మునుపు ఈ నీరెట్లుండెను?” అను ప్రశ్నకు జవాబుగా చూపుటకు ఊరిలో ఒక్క కాగితమైనను లేదు. పరీక్ష చేయింపగా మలసంబంధమైన సూక్ష్మజీవులు కనబడినవి. వానికి బావి ప్రక్కనున్న మరుగుదొడ్డి గుంతయే చాలును. వాసనకు కారణము మాత్రము నేటికిని తేలలేదు. ప్రారంభ నిల్వ లేని ఖాతాను ఏ తనిఖీదారుడు తేల్చగలడు? ఆ సిగ్గుతోనే ఈ విషయమును చదువ మొదలిడితిని.

భూమి లోపల జీవము లేదని మనము తలతుము. అది పొరపాటు. 1926లో చికాగో విశ్వవిద్యాలయపు భూగర్భ శాస్త్రజ్ఞుడు ఎడ్సన్ బాస్టిన్ చమురు బావులనుండి వచ్చిన నీటిలో ఒక జాతి బాక్టీరియా కలవని తెలిపెను. మనము ఊపిరికి ప్రాణవాయువును వాడినట్లు, అవి నీటిలోని సల్ఫేటును వాడుకొని, హైడ్రోజన్ సల్ఫైడు అను వాయువును విడుచును. కుళ్ళిన గ్రుడ్డు వాసన దానిదే. ఇనుప గొట్టములను తినివేయుటయు వాని పనియే. మరియొక జాతి మీథేను వాయువును తిని బ్రతుకును. ఇంకొక జాతి నీటిలోని ఇనుమును పట్టి, బావి గోడలకు ఎఱ్ఱని జిగురు పూయును. ఏ జాతి పెరిగినదో చూచినచో నీటిలో ఏ ఆహారము చేరినదో ఊహింపవచ్చును. కాని బోరులు లేని ఊళ్ళలో సైతము ఇవి యుండును. కావున వాసన చూచి తీర్పు చెప్పరాదు.

బోరువలన చెరుపు కలుగు మార్గములు కలవు. బోరు దింపునపుడు ఉక్కు గొట్టము దించి, దాని చుట్టును సిమెంటు పోయుదురు. ఆ సిమెంటు చెడినచో లోతునందలి వాయువు దానివెంట పైకెక్కి మంచినీటి పొరలో చేరును. చమురుతో పైకివచ్చు ఉప్పునీరు పొంగి నేలలో ఇంకుట మరియొక మార్గము.

2009 జనవరి 1న అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రమందలి డిమాక్ అను పల్లెలో ఒక యింటి మంచినీటి బావి పేలెను. నీటిలో చేరిన మీథేనే కారణమనిరి. ఆ వాయువునకు రంగు లేదు, వాసన లేదు. 2011లో డ్యూక్ విశ్వవిద్యాలయమువారు ఆ ప్రాంతములందు 60 బావులు పరీక్షింపగా 51 బావులలో మీథేను కనబడెను. గ్యాసు తవ్వకము జరుగుచోట లీటరునకు సగటున 19.2 మిల్లిగ్రాములు, జరుగనిచోట 1.1. అయినను, తవ్వకమునకు ముందు పరీక్షించిన లెక్కలు చాలినన్ని లేకపోవుటచే వాదము ఏండ్లతరబడి సాగెను. తుదకు 2022 నవంబరులో గ్యాసు సంస్థ న్యాయస్థానమున నేరారోపణకు ఎదురు చెప్పక, ఆ పల్లెకు క్రొత్త నీటి గొట్టములు వేయుటకై 1 కోటి 62 లక్షల డాలర్లకు పైగా నిచ్చుటకు అంగీకరించెను. బావి పేలిన నాటికిని ఆ అంగీకారమునాటికిని నడుమ పదమూడేండ్లకు పైగా గడచినవి. అంతకాలము జనులు త్రాగకుండ నుండగలరా?

1995 జనవరి 8న మన కోనసీమలో, పాశర్లపూడియొద్ద చెలరేగిన జ్వాల 65 దినములు మండుట మీలో పెద్దలు చూచియుందురు. నిప్పు ఆమడ దూరమునకు కనబడును. నీటిలోని మార్పు గ్లాసు చేత బట్టినను కనబడదు. పాలసముద్రమును చిలికిననాడు అమృతమునకు ముందు హాలాహలము పుట్టెనని విందుము. చిలుకవద్దని నేననను, మన పొయ్యిలు వెలుగుటయు ఆ వాయువుతోనే. మ్రింగుటకు శివుడు లేని ఊరివారు ముందుగా జాగ్రత్తపడవలెనని మాత్రమే అందును.

కావున నా విన్నపము. ఈ గ్రంథాలయమున ఒక దప్తరము తెరుతము. ఊరిలోని ప్రతి మంచినీటి బావికి, బోరుకు ఒక్కొక్క పుట. ఏటికి రెండు పర్యాయములు, వేసవి చివరను, వానలు వెలిసిన పిమ్మటను, నీటిని ప్రయోగశాలకు పంపి, వాసన, రంగు, ఉప్పు, ఆర్సెనిక్కు, మలసంబంధమైన బాక్టీరియా వ్రాయింతము. తేదీ, పరీక్షించినవారి సంతకము తప్పక యుండవలెను. అంతవరకు నీరు మరగించి త్రాగుడు. మరగించుటచే సూక్ష్మజీవులు చచ్చును గాని ఆర్సెనిక్కు పోదు, ఉప్పు పోదు, ఇది మరువకుడు. మరుగుదొడ్డి గుంతలను బావులకు దూరముగా మార్చుటకు ఎవరి అనుమతియు నక్కరలేదు.

దప్తరము నేను కొనితెచ్చితిని. మొదటి పుటలో మా వీథి బావి పేరు వ్రాసితిని. మూడేండ్ల క్రిందట ఉండవలసిన అంకెలు అందు లేవు; ఆ లోటు పూడ్చుట నావల్ల గాదు. మిగిలిన పుటలు మీవి. ఇరువదియైదేండ్లకు స్వర్ణోత్సవ సభలో ఎవరో ఒకరు లేచి, ఈ నీరు మునుపెట్లుండెనని అడుగుదురు. అప్పటికి జవాబు ఈ బీరువాలో నుండవలెను.