నక్కలు తిరిగే పొలాలు, మన వాకిట్లో కుక్క
(జంపని చుట్టుపక్కల గ్రామాల నుండి రోగులకు తోడుగా వచ్చిన బంధువులను ఉద్దేశించి చేసిన ఆరోగ్య ప్రసంగం)



మీలో చాలామంది రెండు మూడు రోజులుగా ఆసుపత్రిలోనే ఉంటున్నారు. మీ వాళ్ళు మంచం మీద ఉన్నారు, మీ మనసు మాత్రం సగం ఇంటి దగ్గరే ఉంటుంది. గేదెకు మేత వేశారో లేదో, పిల్లలు బడికి వెళ్ళారో లేదో అని. ఈ రోజు నేను మాట్లాడబోయేది ఆ ఇంటి దగ్గర, గొడ్ల చావిడి ముందు పడుకుని ఉండే మీ కుక్క గురించి. దానితోపాటు రాత్రిపూట పొలం గట్టు మీద తిరిగే నక్క గురించి కూడా. షుగరు, బి.పి. గురించి చెబుతారనుకుంటే నక్క గురించి చెబుతున్నారేమిటి అని మీరు అనుకోవచ్చు. కుక్కో నక్కో కరిచిన మూడో రోజో నాలుగో రోజో, గాయానికి సున్నం పట్టించుకుని వచ్చేవాళ్ళను మేము ఇప్పటికీ చూస్తున్నాము. అందుకే ఈ విషయం ఎన్నుకున్నాను.

మనది డెల్టా. జంపని, వేమూరు, కొల్లూరు, భట్టిప్రోలు, ఇటు రేపల్లె దాకా కాలవలు, మురుగు కాలవలు, డొంకలు, తాటి చెట్లు. ఇక్కడ అడవి లేదు కదా, నక్కలెక్కడివి అంటారు కొందరు. నక్కకు అడవి అక్కరలేదు. పగలు దాక్కోవడానికి ఒక పొద, రాత్రి తినడానికి ఇంత తిండి ఉంటే చాలు. వరి కోతలయ్యాక వేసే మొక్కజొన్న, జొన్న చేలు ఏపుగా పెరిగితే అందులో మనిషే కనబడడు, ఇక నక్క ఏం కనబడుతుంది? లంకల్లోని అరటి తోటలు, పసుపు చేలు, కాలవ గట్ల మీది తుప్పలు కూడా దానికి ఇల్లే. ఎలుకలు, పీతలు, రాలిన పండ్లు, చచ్చిన జంతువులు, ఏది దొరికితే అది తింటుంది. ఎలుకల్ని తింటుంది కాబట్టి రైతుకు ఉపకారమే. ఆరోగ్యంగా ఉన్న నక్క మనిషిని చూస్తే తప్పుకుని పోతుంది. ఎవరికైనా అదృష్టం కలిసివస్తే నక్క తోక తొక్కి వచ్చాడంటాము కదా, నిజానికి నక్క ఎవరికీ తోక అందనివ్వదు. నక్కకొమ్ము పేరుతో సంతల్లో అమ్మే వెంట్రుకల ముద్దలు కొని ఇంట్లో పెట్టుకోకండి. దానివల్ల అదృష్టం రాదు. పైగా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నక్కను చంపడం, దాని శరీర భాగాలు అమ్మడం నేరం.

మరి నక్కతో మనకు ప్రమాదం ఎక్కడ? చాలావరకు మన కుక్క ద్వారానే. ఇలా అనుకోండి. రాత్రి ఒంటిగంటప్పుడు గడ్డివాము వెనక ఏదో అలికిడి అయింది. కోళ్ళ గంప దగ్గరకు నక్క వచ్చింది. మీ కుక్క మొరిగి మీద పడింది. ఐదు నిమిషాల పెనుగులాట జరిగి నక్క పారిపోయింది. తెల్లవారాక చూస్తే కుక్క మూతి మీద, చెవి దగ్గర చిన్న గాట్లు. ఇల్లు కాచిందని మురిసిపోయి దానికి ఇంత పెరుగన్నం ఎక్కువ పెట్టారు. మనవడు దాన్ని పట్టుకుని ముద్దు చేశాడు. గాయాలు వారంలో మానిపోయాయి, అందరూ మర్చిపోయారు. ఆ నక్కకు రేబిస్ ఉండి ఉంటే, కొన్ని వారాలకో రెండు మూడు నెలలకో ఆ కుక్క మూలకు పోయి పడుకుంటుంది, పిలిస్తే పలకదు, అన్నం ముట్టదు, లేదా కనబడినవాళ్ళనల్లా కరుస్తుంది. అది మొదట కరిచేది దాని దగ్గరకు భయం లేకుండా వెళ్ళే మనిషిని. అంటే ఆ మనవడిని. పొలంలో ఉన్న జబ్బుకు మన వంటింటి దాకా దారి వేసేది టీకా లేని కుక్క.

రేబిస్‌ను మనవాళ్ళు జలభీతి, పిచ్చికుక్క జబ్బు అంటారు. జబ్బు చేసిన జంతువు లాలాజలంలో ఈ వైరస్ ఉంటుంది. కాటు ద్వారా, గీరు ద్వారా, పచ్చిపుండును నాకడం ద్వారా మన ఒంట్లోకి వస్తుంది. నరాల వెంట పాకి మెదడుకు చేరుతుంది. చాలామందిలో ఇందుకు ఒకటి నుంచి మూడు నెలలు పడుతుంది. కొందరిలో వారాల్లోనే, అరుదుగా ఏడాది దాటాక కూడా లక్షణాలు కనబడతాయి. తల, ముఖం, మెడ, చేతుల మీది కాట్లు మరీ ప్రమాదం. మానిన గాయం దగ్గర తిమ్మిరి, మంట, తరువాత జ్వరం, నీళ్ళు చూస్తే గొంతు పట్టేయడం, గాలి తగిలినా ఉలికిపడటం. అక్కడిదాకా వచ్చాక ఏ ఆసుపత్రిలోనూ, ఏ దేశంలోనూ నమ్మదగిన చికిత్స లేదు. ప్రపంచంలో ఏటా సుమారు 59,000 మంది దీనితో చనిపోతున్నారని అంచనా. అందులో మూడోవంతుకు పైగా మన దేశంలోనే. పోయేవారిలో పదిమందికి నలుగురు పదిహేనేళ్ళలోపు పిల్లలు. ఇంత ఘోరమైన జబ్బును సమయానికి టీకా వేయించుకుంటే పూర్తిగా ఆపవచ్చు. అదే మన బాధ.

నక్కకు రేబిస్ వస్తే అది భయం మర్చిపోతుంది. పట్టపగలు ఊళ్ళోకి వస్తుంది, అదిలించినా పోదు, ఎదురొచ్చిన మనిషిని, గొడ్డును కరుచుకుంటూ పోతుంది. అలాంటిదాన్ని చూడటానికి గుమిగూడకండి. పిల్లల్ని లోపలికి పిలిచి తలుపు వేయండి, కుక్కను కట్టేయండి, పంచాయతీకి, అటవీ శాఖ వారికి కబురు చేయండి. చచ్చి పడి ఉన్న నక్కను ఉత్త చేతులతో లాగకండి.

గేదె విషయం కూడా ఇక్కడే చెప్పాలి. రేబిస్ వచ్చిన గేదెకు మింగుడు పడదు, నోటి నుంచి చొంగ కారుతుంది, గొంతు మారి అరుస్తుంది. గొంతులో ఏదో అడ్డం పడిందనుకుని యజమాని నోట్లో చెయ్యిపెట్టి చూస్తాడు. మన పల్లెల్లో ఇది చాలా మామూలుగా జరిగే పని, చాలా ప్రమాదమైన పని కూడా. చొంగ కారుస్తున్న గొడ్డు నోట్లో చెయ్యి పెట్టవద్దు. పశువుల డాక్టరును పిలవండి. 1962 నంబరుకు ఫోను చేస్తే పశువుల అంబులెన్సు వస్తుంది.

ఇక మనిషిని కరిస్తే ఏం చేయాలి? కుక్క గానీ, నక్క గానీ, ముంగిస గానీ, పిల్లి గానీ, మొదటి పని ఒక్కటే. పంపు కిందో, చేతిపంపు దగ్గరో, బిందెతో పోస్తూనో ధారగా పడే నీటితో, సబ్బు పెట్టి గాయాన్ని 15 నిమిషాలు కడగండి. పదిహేను నిమిషాలంటే తక్కువ కాదు, గడియారం చూసుకుని కడగండి. పొలంలో ఉంటే బోరు దగ్గర కడగండి. ఖరీదైన సబ్బు అవసరం లేదు, బట్టల సబ్బయినా పనికొస్తుంది. వైరస్ పైపొర సబ్బుకు కరిగిపోతుంది. తరువాత డెట్టాలో, బెటాడినో ఉంటే రాయండి. అంతే. పసుపు, కారం, సున్నం, కాఫీపొడి, కిరోసిన్, ఉమ్మెత్త ఆకు పసరు ఏదీ పెట్టవద్దు. అవి గాయాన్ని రేపి వైరస్‌ను ఇంకా లోపలికి పంపుతాయి. కట్టు కట్టవద్దు. కుట్లు వేయమని మీరు డాక్టరును తొందరపెట్టవద్దు. మంత్రం వేయించడానికి పోయి ఒక పూట పోగొట్టుకోవద్దు.

కడిగిన వెంటనే, ఆ రోజే ఆసుపత్రికి రండి. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజక్షన్లు అనే భయం ఇంకా కొందరికి ఉంది. ఆ పాత టీకా మన దేశంలో ఆగిపోయి ఇరవై ఏళ్ళయింది. ఇప్పుడు ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మంలోకి, రెండు భుజాలకు కొద్దికొద్దిగా వేస్తారు. మొదటి రోజు, ఆ తరువాత 3, 7, 28 రోజులకు, మొత్తం నాలుగుసార్లు. కండలోకి వేసే పద్ధతిలో అయితే 3, 7, 14, 28 రోజులకు, మొదటిదానితో కలిపి ఐదుసార్లు. ఈ లెక్క టీకా మొదలుపెట్టిన రోజు నుంచి, కరిచిన రోజు నుంచి కాదు. పిరుదుకు వేయించుకోకూడదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పసిపిల్లలు అందరూ వేయించుకోవచ్చు. పత్యం ఏమీ లేదు. గుడ్డు, మాంసం మానక్కరలేదు. రెండు డోసులు వేయించుకుని "ఏమీ కాలేదుగా" అని ఆపేయడమే ఎక్కువమంది చేసే పని. కోతల రోజుల్లో కూలి పోతుందని మానేస్తారు. ఒక్క పూట కూలి గురించి లెక్క వేసేటప్పుడు రెండో వైపు ఏముందో కూడా చూడండి.

గాయం లోతుగా ఉండి రక్తం వస్తే, లేదా పచ్చిపుండును నాకితే, టీకా ఒక్కటే చాలదు. టీకా మన ఒంట్లో రక్షణ తయారుచేయడానికి కొన్ని రోజులు తీసుకుంటుంది. ఆ లోపల కాపాడటానికి ఇమ్యునోగ్లోబులిన్ అనే మందును గాయం చుట్టూ, గాయంలోకి ఎక్కిస్తారు. ఇది మొదటిరోజే వేయడం మంచిది. ఏ కారణం చేతనైనా ఆలస్యమైతే, టీకా మొదలైన ఏడో రోజు లోపల వేయాలి. మా మండలంలో లేదంటే తెనాలి ప్రభుత్వ ఆసుపత్రి వంటి పెద్ద ఆసుపత్రికి వెంటనే వెళ్ళండి. నక్క లాంటి అడవి జంతువు ఏది కరిచినా దాన్ని పెద్ద గాయం కిందనే లెక్కవేసి ఈ మందు వేయాలి. పెంపుడు కుక్క కరిస్తే టీకా మొదలుపెట్టి, దాన్ని పదిరోజులు కట్టేసి గమనిస్తారు. పదిరోజులు బాగుంటే అది కరిచినప్పుడు లాలాజలంలో వైరస్ లేనట్టే. ఈ పదిరోజుల లెక్క కుక్కకు, పిల్లికి మాత్రమే. నక్కకు వర్తించదు, అది ఎటుపోయిందో కూడా మనకు తెలియదు. కరిచి వారమైనా, నెలైనా సరే, ఆలస్యమైందని మానుకోకుండా రండి.

ఇప్పుడు కుక్క సంగతి. మూడు నెలల వయసులో మొదటి టీకా, ఒక నెల తరువాత మళ్ళీ, ఆపైన ఏడాదికొకటి. ప్రతి సంవత్సరం జూలై 6న పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు. ఆ తేదీకి ఒక కథ ఉంది. 1885లో ఆ రోజునే ఫ్రాన్సులో లూయీ పాశ్చర్, పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ళ జోసెఫ్ మైస్టర్‌కు మొదటిసారి ఈ టీకా వేశాడు, పిల్లవాడు బతికాడు. ఊళ్ళో నూటికి డెబ్భై కుక్కలకు టీకా ఉంటే జబ్బు వ్యాపించడం ఆగుతుందని నిపుణులు చెబుతారు. అంటే మీ కుక్కకు మాత్రమే వేయిస్తే చాలదు, వీధికుక్కలకు కూడా వేయించమని పంచాయతీని అడగాలి. నక్కతో పెనుగులాడిన కుక్కను తడమకండి. చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని, సబ్బునీళ్ళు పోసి గాయం కడిగి, ఆ రోజే పశువుల డాక్టరుకు చూపండి. ముందే టీకా ఉన్న కుక్కకయినా మళ్ళీ వేస్తారు. టీకా లేనిదైతే ఇంజక్షన్లు వేసి కొన్ని నెలలు కట్టేసి ఉంచమంటారు. రాత్రిళ్ళు కుక్కను చావిడి లోపల ఉంచండి. చచ్చిన కోళ్ళు, దూడలు డొంకలో పారేయకుండా లోతుగా పాతిపెట్టండి. కోళ్ళ గంప మీద బరువు పెట్టండి. నక్కను ఊళ్ళోకి పిలిచేది మనం పారేసిన తిండే.

మీలో కొందరి పిల్లలు అమెరికాలో, టెక్సాస్‌లో ఉండి ఉంటారు. అక్కడ నక్కకు దగ్గరి చుట్టమైన కయోటీ అనే జంతువు ఊళ్ళ అంచుల్లో తిరుగుతుంది. 1988లో దక్షిణ టెక్సాస్‌లో కుక్కల రేబిస్ కయోటీలకు పట్టుకుని అవీ ఇవీ ఒకదానికొకటి అంటించుకున్నాయి. 1995 నుంచి టీకా కలిపిన ఎరలను విమానాల నుంచి అడవుల్లో చల్లారు, కుక్కలకు టీకాలు గట్టిగా వేశారు. 2007 నాటికి ఆ దేశంలో కుక్కల రేబిస్ పోయింది. స్విట్జర్లాండులో ఇంకా ముందే, 1978లో, కోడి తలకాయల్లో టీకా పెట్టి అక్కడి నక్కలకు వేశారు. మన జిల్లాలో నక్కలకు అలా వేసే ఏర్పాటు లేదు. కాబట్టి మనకు, నక్కకు మధ్య గోడ మన కుక్కకు వేసే టీకాయే.

ఈ ఆవరణలో కూడా ఒక సంగతి గమనించండి. క్యారియర్లలో మిగిలిన అన్నం, కూర గేటు పక్కన పారబోస్తున్నారు. దానికోసం కుక్కలు చేరి కొట్లాడుకుంటున్నాయి, మధ్యలో మీ పిల్లలే ఆడుకుంటున్నారు. మిగిలింది డబ్బాలో వేయండి. ఇంకొకటి, పిల్లలు కాటు సంగతి దాస్తారు. సూదికి భయం, అంతకంటే మీ దెబ్బలకు భయం. కుక్క గీరిందని చెప్పిన పిల్లవాణ్ణి కొట్టకండి. కొడితే రెండోసారి చెప్పడు.

పోయినసారి ఒక అమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పి ఆపుతాను. వాళ్ళ గేదెను పిచ్చికుక్క కరిచింది, అప్పటికే ఆ పాలు ఇంట్లో అందరూ తాగారు, ఏమవుతుంది అని. కాచిన పాలు తాగితే భయం లేదు, కాగితే వైరస్ చస్తుంది. పచ్చిపాలు తాగినవాళ్ళుంటే డాక్టరుకు చెప్పండి. ఆ గేదె పాలు ఇకమీదట ఇంటికీ వాడవద్దు, కేంద్రానికీ పోయవద్దు. దానికి కూడా కాటు తరువాత వేసే టీకాలున్నాయి, ఆ రోజే మొదలుపెట్టించండి. పాలు పితికేవాళ్ళు, మేత పెట్టేవాళ్ళు దాని మూతి దగ్గరకు చెయ్యి పోనివ్వకండి.